స్త్రీ విద్యా ధురీణ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

ప్లాటినం జూబిలీ సంచికలో విద్యారంగానికి సేవచేసిన ఒక మహనీయుల జీవితచరిత్ర ఉండాలని సంపాదకవర్గం వారు నిర్ణయించి, ఆ పనిని నాకు అప్పగించారు. పేర్లు చాలా ప్రస్తావనకు వచ్చాయి. కందుకూరి వారు, గిడుగు వారు, సర్వేపల్లి వారు అందరూ పూజ్యులే. అందరి గురించీ మన పిల్లలు పాఠ్యపుస్తకాలలో చదువుకొంటూనే ఉన్నారు. నేను శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని ఎన్నుకొన్నాను. తెలుగునాడు వెలుపల, వేరొక భాష మాట్లాడే నగరంలో, తెలుగు ఆడపిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పి నిలబెట్టిన వ్యక్తి కనుక రాయచూరులోని తెలుగు బడికి ఆమె దగ్గరి చుట్టమే. అదిగాక, విద్యలో కొత్త మార్గాలు వేసినవారిని వెదకి సత్కరించాలని ప్రపంచ సంస్థలు చేసిన ప్రయత్నాలలో గుర్తింపు పొందిన తెలుగు మహిళ ఆమె. ఆమె పేరు విననివారు మనలో అరుదు. ఆ గుర్తింపు ఏ పనికి వచ్చినదో తెలిసినవారు అంతకంటే అరుదు.

దుర్గాబాయి గారు 1909వ సంవత్సరం జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. తండ్రి సంఘసేవా పరాయణులు. ఆ గుణం కుమార్తెకు చిన్ననాటనే అబ్బింది. అయితే ఆనాటి ఆచారాన్ని ఆ ఇల్లు కూడా దాటలేకపోయింది. ఎనిమిదవ ఏట ఆమెకు వివాహం జరిగింది. వివాహమనగా ఏమిటో తెలిసే వయస్సు వచ్చిన తరువాత, పదిహేనేళ్ళ ప్రాయంలో, తాను ఆ కాపురానికి వెళ్ళజాలనని, మరొకరిని వివాహమాడవచ్చునని భర్త సుబ్బారావు గారికి ఆమె స్వయంగా తెలియజేశారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. 1920లలో గోదావరి సీమలో ఒక బాలిక ఇంత మాట అనగలగడం, ఇంటివారు దానిని మన్నించడం ఎంత అరుదో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1941లో సుబ్బారావు గారు మరణించినప్పుడు, ఆయన రెండవ భార్య మాయమ్మ గారు దిక్కులేక ఉన్న సంగతి తెలిసి, దుర్గాబాయి గారు ఆమెను చేరదీసి, చేతిపనులు నేర్పించి, సొంత కాళ్ళపై నిలబడేటట్లు చేశారు. ఆమె స్వభావం తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలుననిపిస్తుంది నాకు.

బడి చదువు ఆమెకు మధ్యలోనే ఆగిపోయింది. ఆపినవారు ఇంటివారు కారు, ఆమే ఆపుకొన్నారు. పాఠశాలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని బలవంతంగా ప్రవేశపెట్టడాన్ని నిరసించి ఆ బాలిక బడి మానివేసింది. మాని ఊరుకొనలేదు. తాను హిందీ నేర్చుకొని, బాలికా హిందీ పాఠశాల ఒకటి ప్రారంభించి, ఇరుగుపొరుగు స్త్రీలకు, బాలికలకు నేర్పసాగింది. ఆ బడిని చూడవచ్చిన జమునాలాల్ బజాజ్ వంటి పెద్దలు, గౌను తొడుక్కొన్న ఆ పిల్లయే ఉపాధ్యాయిని అని తెలిసి ఆశ్చర్యపోయారట. పరభాషను నిరసించి బడి మానిన పిల్ల మరొక భాషకు బడి పెట్టడమేమని కొందరికి సందేహం కలుగవచ్చు. ఆమె దృష్టిలో అవి రెండూ ఒకటి కావు. ఇష్టపడి నేర్చుకొనే భాష వేరు, నెత్తిన రుద్దే మాధ్యమం వేరు. రాయచూరు జిల్లాలో తెలుగు ఇంట పుట్టి, కన్నడం వీధిలో నేర్చి, ఉర్దూ అంగట్లో విని, ఇంగ్లీషు, హిందీ తరగతిలో చదివే మన పిల్లలకు ఈ భేదం ఎవరూ విప్పి చెప్పవలసిన పని లేదు.

1921లో గాంధీ మహాత్ములు కాకినాడ వచ్చినప్పుడు దుర్గాబాయి గారికి పన్నెండేళ్ళు. దేవదాసీ స్త్రీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు మహాత్ముని దర్శించి ఆయన మాటలు వినాలని ఆమె పట్టుపట్టింది. నిర్వాహకులు ఐదువేల రూపాయల నిధి సమకూర్చి తెస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ పిల్ల ఆ స్త్రీల సాయంతోనే డబ్బు కూడబెట్టి చూపించింది. ఐదు నిమిషాలనుకొన్న సభ చాలాసేపు సాగింది. స్త్రీలు ఒంటిపై నగలు తీసి ఇచ్చారు. ఆమె తెలుగు అనువాదం విన్న గాంధీజీ, ఆనాటి బహిరంగ సభలోనూ ఆమెచేతనే తన ప్రసంగాన్ని తెలుగు చేయించుకొన్నారు. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలో ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూ గారిని లోనికి పోనీయని వృత్తాంతం అందరూ ఎరిగినదే. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన తరువాతనే దారి ఇచ్చింది. నెహ్రూ గారు కోపగించక మెచ్చుకొన్నారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ఉద్యమాన్ని నడిపిన వారిలో ఆమె ఒకరు. 1930 నుండి 1933 లోపల మూడు పర్యాయాలు కారాగారవాసం చేశారు. మధుర జైలులో ఉరిశిక్ష పడిన ఖైదీల గదుల చెంతనే ఆమెను ఏకాంత నిర్బంధంలో ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. ఆ జైళ్ళలో ఆమె చూసినది స్వాతంత్ర్య యోధులను మాత్రమే కాదు. చదువు లేక, తమ పక్షాన పలికేవారు లేక, తాము ఒప్పుకొన్న నేరమేమిటో కూడా సరిగా తెలియక శిక్షలు అనుభవిస్తున్న స్త్రీలను చూశారు. విడుదలై బయటకు వచ్చేనాటికి రాజకీయాలకంటే చదువుపైన ఆమెకు పట్టుదల కలిగింది. న్యాయశాస్త్రం చదవాలి. కాని న్యాయశాస్త్రానికి ముందు బి.ఏ., దానికి ముందు ఇంటర్మీడియట్, అన్నిటికంటె ముందు మెట్రిక్యులేషన్ కావాలి. చేతిలో ఒక్క పత్రమూ లేదు. వయస్సు ఇరవైనాలుగు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఇరవైనాలుగేళ్ళ స్త్రీని ఏ ఉన్నత పాఠశాల చేర్చుకొంటుంది? పదేళ్ళ పాటు ఒక్కొక్క మెట్టు ఎక్కవలసిన చదువును, వయస్సు వచ్చినవారు తమ లోకజ్ఞానంతో కొద్దికాలంలో పూర్తిచేయవచ్చునని నమ్మిన వ్యవస్థ ఆనాడు దాదాపు లేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చొనే అవకాశం ఒక్కటే కనిపించింది. ఇంటివద్ద చదువుకొని, ఇంగ్లీషును ఒంటరిగా సాధించి, ఆమె ఆ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యారు. ఇంటర్మీడియట్ కూడ అక్కడనే పూర్తయింది. రాజనీతిశాస్త్రంలో బి.ఏ. చేయడానికి స్త్రీలకు అక్కడ వీలు లేకపోవడంతో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చారు. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. స్త్రీలకు వసతిగృహం లేదు గనుక ప్రవేశం ఇవ్వడానికి ఆయన సందేహించారు. దుర్గాబాయి గారు ఇంటికి తిరిగిపోలేదు. వసతి లేక చదువు ఆగిపోయిన యువతులు ఉంటే తనకు తెలియజేయవలసినదని పత్రికలలో ప్రకటన ఇచ్చారు. సుమారు పదిమంది ముందుకు వచ్చారు. అందరూ కలిసి తామే వసతి ఏర్పాటు చేసుకొని, ఇక అభ్యంతరమేమున్నదని విశ్వవిద్యాలయాన్ని అడిగారు. ఒక్కతె వచ్చి అడిగితే లేదన్న చోటు పదిమంది వచ్చేసరికి లభించింది. 1939 నాటికి బి.ఏ. ఆనర్స్, 1942 నాటికి మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం పూర్తిచేసి, ఆమె మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదయ్యారు.

తన చదువు ఇంకా పూర్తికాక ముందే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆమె మరొక పని మొదలుపెట్టారు. ఆ పేటలోని కొద్దిమంది తెలుగు బాలికలను, బడి మానిన యువతులను చేరదీసి, తాను వ్రాసిన కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకే వారిని తయారు చేయసాగారు. అదే ఆంధ్ర మహిళా సభకు అంకురం. ఆనాటి మద్రాసులో తెలుగువారు ఎందరున్నా, తెలుగు ఇంటి ఆడపిల్లకు, అందులోను బాలవితంతువుకో భర్త విడిచిన స్త్రీకో, తన భాషలో చదువు చెప్పి పరీక్షకు పంపే చోటు దొరకడం కష్టం. ఆ చోటును ఆమె కల్పించారు. పరీక్ష తప్పినవారు మళ్ళీ కూర్చొనేవారు. పిల్లలకు ఆటపాటలు, స్త్రీలకు కుట్టుపని, నేతపని కూడా ఉండేవి. 1946లో సభ భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. తరువాతి దశాబ్దాలలో ప్రసూతి వైద్యశాల, నర్సుల శిక్షణ, ఉపాధ్యాయినుల శిక్షణ, వసతిగృహాలు, కళాశాల ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సభ తరపున ఆంధ్ర మహిళ అను పత్రిక వెలువడింది. హైదరాబాదులో సభ శాఖ 1950ల చివర ఆరంభమై, ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిసరాలలో పెద్ద విద్యాసంస్థల సముదాయంగా పెరిగింది. మన జిల్లా ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక, ఇటునుండి పైచదువులకు హైదరాబాదు వెళ్ళడం మనవారికి పాత అలవాటు. ఆ సంస్థల పేరు మన పూర్వ విద్యార్థినులకు కొత్త కాదు.

1946లో ఆమె రాజ్యాంగ నిర్ణయ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షులు లేనప్పుడు అధ్యక్ష స్థానం వహించే సభ్యుల పట్టికలో ఆమె ఒక్కరే మహిళ. వందలాది సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును ముప్పైఐదు నుండి ముప్పైకి తగ్గించడంలోను, న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం గురించిన చర్చలోను ఆమె పాత్ర ఉన్నది. జాతీయ భాష గురించి జరిగిన చర్చలో ఆమె హిందూస్థానీని సమర్థించారు. అదే సమయంలో, దక్షిణాదివారు తమంతట తాముగా చేసుకొన్న హిందీ ప్రచారాన్ని ఉత్తరాదివారి తొందరపాటు పాడుచేస్తున్నదని నిర్మొహమాటంగా మందలించారు. భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో పొందుపరచినది ఆ సభయే. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినప్పుడు, ఆ ఏడే జరిగిన ఏడవ రాజ్యాంగ సవరణ, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయడం రాష్ట్రాల బాధ్యతగా 350-ఎ అధికరణాన్ని చేర్చింది. మన తెలుగు తరగతులు నిలిచినది ఈ రెండు అధికరణాల మీదనే. జూబిలీ నాడు ఈ విషయాన్ని జ్ఞాపకం చేయకపోతే పొరపాటు.

1952 ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. నెహ్రూ గారు ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకొన్నారు. అక్కడ సహచరులైన ఆర్థికమంత్రి చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారిని 1953 జనవరిలో వివాహమాడారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, తరువాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ అధ్యక్షులు అయిన ఆయన మహారాష్ట్రులు, ఈమె తెలుగు. ఇద్దరికీ అది జీవిత మధ్యాహ్నంలో కుదిరిన సహచర్యం. ఆసియా ఖండంలో ప్రజాసేవకు ఇచ్చే రామన్ మాగ్సేసే పురస్కారం 1959లో దేశ్‌ముఖ్ గారికి లభించింది.

1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయి గారు తొలి అధ్యక్షురాలు. ఆ మరుసటి సంవత్సరమే గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. దాదాపు ఇరవైఐదు గ్రామాలను ఒక్క కూడలిగా తీసుకొని బాలవాడి, ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరజ్ఞానం, చేతిపని అందించాలన్నది యోచన. డబ్బు వచ్చింది, ఉత్తర్వులు వచ్చాయి. పనిచేయడానికి మనుషులు లేరు. గ్రామసేవిక కావాలన్నా, బాలవాడి ఉపాధ్యాయిని కావాలన్నా, మంత్రసాని శిక్షణకు పంపాలన్నా కొంత చదువు వచ్చిన స్త్రీ ఆ గ్రామంలో ఉండాలి. పట్నంలో చదువుకొన్న యువతి పల్లెకు రాదు, వచ్చినా నిలువదు. పల్లెలో ఉండే స్త్రీకి చదువు లేదు. ఆడపిల్లలను బడిలో చేర్చి, వారు పెరిగి పెద్దవారయ్యేదాకా వేచి ఉండాలంటే పదిహేనేళ్ళు. అధికారులకు ఇది తెగని ముడిగా కనిపించింది.

దుర్గాబాయి గారికి మాత్రం ఇది కొత్త సమస్య కాదు. మైలాపూరులో ఇరవై ఏళ్ళ క్రిందట ఆ ముడిని ఆమె విప్పినదే. వయస్సు వచ్చిన స్త్రీకి చిన్నపిల్లవలె ఏడాదికొక తరగతి చెప్పనక్కరలేదు. లెక్క ఆమె బజారులోనే నేర్చినది, మాట వచ్చినది, మంచిచెడ్డలు తెలిసినవి. ఆ జ్ఞానాన్ని అక్షరంతో జతచేస్తే రెండేళ్ళలో పరీక్షకు నిలుస్తుంది. ఈ నమ్మకంతో 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమాన్ని ప్రవేశపెట్టింది. వాడుకలో కండెన్స్‌డ్ కోర్సు అన్నది ఇదే. భర్త విడిచినవారు, వితంతువులు, పేద కుటుంబాల స్త్రీలు రెండేళ్ళలో ప్రాథమిక, మాధ్యమిక లేదా మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారయ్యేవారు. స్వచ్ఛంద సంస్థలు తరగతులు నడిపేవి, మండలి ఖర్చు ఇచ్చేది. ఉత్తీర్ణులైనవారు నర్సులుగా, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా శిక్షణకు వెళ్ళేవారు. చదువు ముగిసేనాటికి ఒక ఉద్యోగపు వాకిలి కనిపించాలన్నది ఈ క్రమంలోని ప్రాణం. కేవలం సంతకం నేర్పి పంపివేసే రాత్రిబడులతో పోలిస్తే ఇది ఎంత దూరమో, ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారికి ఇట్టే తెలుస్తుంది. నా అభిప్రాయంలో ఆమె చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పది. భవనాలు కనిపిస్తాయి కాబట్టి మనం భవనాలను పొగడుతాము.

అదే 1958లో భారత ప్రభుత్వం స్త్రీ విద్యపై జాతీయ సంఘాన్ని నియమించి ఆమెను అధ్యక్షురాలిని చేసింది. 1959లో వెలువడిన నివేదిక, స్త్రీల విద్యను చాలా ఏళ్ళపాటు ఒక ప్రత్యేక సమస్యగా ఎంచి, బాలురకు, బాలికలకు నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చాలని కోరింది. ఆ సిఫార్సులలో ఒకటి నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. బాలికల నమోదు, హాజరు అత్యధికంగా ఉన్న గ్రామానికి ఏటేటా బహుమతి ఇవ్వాలని ఆ సంఘం సూచించింది. బహుమతి తరగతిలో మొదటి పిల్లకు కాదు, ఊరికి! ఆడపిల్ల బడికి రాకపోవడం ఆ పిల్ల తప్పు కాదని, తండ్రిది ఒక్కడిదీ కాదని, ఊరందరిదని ఆ సూచనలో ఇమిడి ఉన్నది. నివేదిక ఫలితంగా 1959లోనే జాతీయ స్త్రీ విద్యా మండలి ఏర్పడి, దానికీ ఆమెయే తొలి అధ్యక్షురాలైనారు.

ఈ కాలంలోనే ప్రపంచ దృష్టి అక్షరాస్యత వైపు మళ్ళింది. ఐక్యరాజ్యసమితికి చెందిన విద్యా సంస్థ యునెస్కో 1945లో ఏర్పడినప్పటినుండి భారతదేశం అందులో ఉన్నది. 1965 సెప్టెంబరులో టెహరాన్ నగరంలో వివిధ దేశాల విద్యామంత్రులు సమావేశమై, నిరక్షరాస్యతను రూపుమాపే మార్గాలు చర్చించారు. ఆ సమావేశం మొదలైన సెప్టెంబరు 8వ తేదీనే అంతర్జాతీయ అక్షరాస్యతా దినంగా 1966లో ప్రకటించారు. మరుసటి ఏటినుండి అది జరుగుతూ ఉన్నది. ఆ రోజునే పురస్కారాలు ప్రకటించే సంప్రదాయమూ ఏర్పడింది. మొదట ఇరాన్ రాజు పేరిట, తరువాత సోవియట్ యూనియన్ నిధితో క్రూప్‌స్కయా పేరిట, 1980లో జపాను వారి నోమా పేరిట, 1989లో కొరియా దేశపు సేజోంగ్ రాజు పేరిట ఈ బహుమతులు నెలకొన్నాయి. రాజ్యాలు కూలి కొన్ని బహుమతులు అంతరించాయి, కొత్తవి వచ్చాయి. నోమా పురస్కారం 1999లో మన దేశపు జాతీయ అక్షరాస్యతా సంస్థకు లభించింది. వెల్లూరువాసి మాల్కం ఆదిశేషయ్య గారు 1960లలో యునెస్కోలో రెండవ స్థానంలో ఉండి ఈ యత్నాలకు దోహదం చేశారు.

వృత్తితో ముడిపడిన అక్షరాస్యత అనే సిద్ధాంతాన్ని టెహరాన్ సమావేశం లోకానికి చాటింది. దానిని పరీక్షించడానికి 1966 తరువాత పదకొండు దేశాలలో ప్రయోగాత్మక పథకాలు నడిచాయి. అన్నిచోట్లా అనుకొన్న ఫలితాలు రాలేదని 1976లో వెలువడిన సమీక్ష ఒప్పుకొన్నది. దుర్గాబాయి గారి సంక్షిప్త విద్యాక్రమం ఆ సిద్ధాంతానికి ఏడేళ్ళు ముందుది. పైనుండి వచ్చిన సిద్ధాంతాన్ని పల్లెలో అమలుచేయడం వేరు, పల్లెలోని అవసరంనుండి పద్ధతిని పుట్టించడం వేరు. ఆమెది రెండవ దారి.

భారతీయ వయోజన విద్యా సంఘం వారి నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం 1971లో ఆమెకు లభించింది. లక్నోలో లిటరసీ హౌస్ నెలకొల్పిన అమెరికను వృద్ధ మహిళ వెల్తీ ఫిషర్ గారు అంతకుముందు ఈ గౌరవం పొందినవారే. అక్షరాస్యతారంగంలో విశిష్ట సేవకు యునెస్కో పురస్కారమూ, జాతీయ, అంతర్జాతీయ అభివృద్ధికి చేసిన సేవకు పాల్ హాఫ్‌మన్ పురస్కారమూ వచ్చాయి. హాఫ్‌మన్ గారు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమానికి తొలి అధిపతి, యుద్ధంలో చితికిన ఐరోపాను నిలబెట్టిన మార్షల్ పథకాన్ని నడిపినవారు. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇన్ని పురస్కారాలు అరవయ్యవ పడి దాటిన తరువాత వచ్చినవే. పురస్కారం వచ్చేనాటికి పని పాతబడి ఉంటుంది. అసలు సాయం కావలసినది మైలాపూరులో పిల్లలకు పాఠం చెప్పుకొనే రోజులలో. అప్పుడు ఆమెకు అండగా నిలిచినవారు కొందరు జమీందారులు, ఇరుగుపొరుగు ఇల్లాండ్రు మాత్రమే. ఈ మాట బహుమతులను తక్కువ చేయడానికి అనడం లేదు. ఒక మూల జరిగిన మంచిపని మరొక మూల ఉన్న ఉపాధ్యాయుని చెవిన పడడానికి బహుమతికంటె మంచి సాధనం లేదు. సంక్షిప్త విద్యాక్రమం వలె పేరు పెట్టి గుర్తించదగిన పనులు మన తాలూకా పాఠశాలల్లో కూడా జరుగుతూనే ఉండవచ్చు. చూచేవారు ఉండాలి.

చరమదశలో దంపతులిద్దరూ హైదరాబాదులోనే స్థిరపడ్డారు. సభ ఆధ్వర్యంలో నడిచిన లిటరసీ హౌస్ ఆంధ్రప్రదేశ్‌లో వయోజన విద్యకు వాచకాలు తయారుచేసి, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. 1980లో ఆమె ఆత్మకథ వెలువడింది. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడు దేశ్‌ముఖ్ గారూ వెళ్ళిపోయారు. 1982లో తపాలాశాఖ ఆమె స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టారు.

ఇక మన జిల్లా సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం రాయచూరు జిల్లాలో చదవను వ్రాయను వచ్చిన స్త్రీలు నూటికి నలభైతొమ్మిది మందికి లోపే. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చిన తరువాత కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొన్న కుటుంబాలు కష్టపడి భూములు బాగుచేసుకొన్నాయి, కుమారులను ఇంజనీర్లను చేసుకొన్నాయి. కాని మన పాత హాజరు పట్టీలు తిరగవేస్తే, ఏడవ తరగతి దాటిన తరువాత ఆడపిల్లల పేర్ల మీద ఎర్రసిరా గీతలు వరుసగా కనిపిస్తాయి. నాట్లు, కోతలు, తమ్ముళ్ళను ఎత్తుకోవడం, పెళ్ళి – కారణాల గడిలో వ్రాసినవి ఇవే. అందులో కొందరి మనుమరాండ్రు నేడు మన తరగతులలో కూర్చున్నారు. పట్టీలు చూసిన మా ఉపాధ్యాయినులు కొందరు ఆ పేర్లలో తమ మేనత్తలను, పిన్నమ్మలను గుర్తుపట్టారు.

కేంద్ర ప్రభుత్వం వారి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, 1979లో ప్రయోగంగా మొదలై 1989లో స్వతంత్ర సంస్థగా ఏర్పడినది, పదవ తరగతి పరీక్షను తెలుగు మాధ్యమంలో కూడా నిర్వహిస్తున్నది. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైవయస్సుకు హద్దు లేదు. అన్ని విషయాలు ఒకేసారి వ్రాయనక్కరలేదు, అయిదేళ్ళ లోపల విడతలుగా పూర్తిచేయవచ్చు. జూబిలీ సందర్భంగా మన ఉపాధ్యాయినులు ఆరుగురు, బడి మధ్యలో మానిన తల్లులకు, అత్తలకు శని, ఆదివారాలలో ఈ పరీక్షకు తరగతులు చెప్పడానికి ముందుకు వచ్చారు. చంటిబిడ్డలను వెంట తెచ్చుకొనవచ్చు. వారిని చూసుకొనడానికి తొమ్మిదవ తరగతి బాలికలు ఒప్పుకొన్నారు. క్యాంపులనుండి వచ్చేవారికి బస్సు వేళలు కుదిరేటట్లు తరగతి పది గంటలకు మొదలై రెండు గంటలకు ముగుస్తుంది. పేర్లు వ్రాసుకొనే పుస్తకం పాఠశాల కార్యాలయంలో ఉన్నది. ఇప్పటికి పదిహేడు పేర్లు చేరాయి.